మార్టినీ–హెన్రీకి ఇత్తడి డొల్లలు: 24 గేజ్ నుంచి .577/450 దాకా

1871లో బ్రిటిష్ సైన్యంలో చేరిన మార్టినీ–హెన్రీ రైఫిల్ ఇవాళ్టికీ పనిచేస్తుంది. లేనిదల్లా దానికి పట్టే తూటా. 2003లో నేపాల్ రాజుల పాత ఆయుధాగారం సరుకు మొత్తంగా అమెరికా వ్యాపారుల చేతికి వచ్చాక ఈ రైఫిళ్లు అక్కడ చాలామంది ఇళ్లలో గోడెక్కాయి. వాటిని దించి కాల్చాలనుకునేవాళ్లకు ముందు కావలసింది ఇత్తడి డొల్ల, అంటే తుపాకిమందూ గుండూ పట్టి ఉంచే తూటా గొట్టం. బెర్‌ట్రామ్ లాంటి కంపెనీలు సిద్ధంగా చేసినవి అమ్ముతాయి, బాగుంటాయి కూడా, కానీ ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది. అందుకే ఎక్కువమంది బ్రెజిల్ కంపెనీ మ్యాగ్‌టెక్ చేసే 24 గేజ్ ఇత్తడి షాట్‌గన్ షెల్ కొని, దాని మెడ నొక్కుకుంటారు.

మన దేశంలో ఉన్నవాళ్లకు ముందే ఒక మాట. 1959 ఆయుధాల చట్టం తూటా విడిభాగాలనూ, వాటిని తయారుచేసే యంత్రాలనూ తూటా కిందే లెక్కగడుతుంది. లైసెన్సు లేకుండా ఈ పని చేస్తే నేరం. అమెరికాలో సొంత వాడకానికి చేసుకునేవాళ్లకు కేంద్ర లైసెన్సు అక్కర్లేదు. మిగతా దేశాలవాళ్లు అక్కడి నిబంధన చూసుకోవాలి. ఇక్కడ చెప్పేది డొల్ల గురించే. తుపాకిమందు ఎంత పొయ్యాలన్నది అచ్చయిన లోడింగ్ పుస్తకాల్లో చూసుకోండి. ఈ తుపాకి పాతకాలపు నల్ల తుపాకిమందు కోసం పుట్టింది, పొగరాని మందు దీని దరిదాపులకు రాకూడదు.

ఈ రైఫిల్ తూటా పేరులోనే చేయాల్సిన పని ఉంది. అంతకుముందటి స్నైడర్ రైఫిల్ .577 డొల్లను సీసా మెడలా .450కి బిగించినది .577/450. కొలతలు సుమారుగా ఇవి: అడుగు దగ్గర వ్యాసం 0.668 అంగుళం, భుజం దగ్గర 0.628, మెడ 0.487, రిమ్ము (అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు) 0.746, మొత్తం పొడవు 2.34. చేతిలో ఉన్న షెల్ పొడవు 2.5 అంగుళాలు, నిటారు గొట్టం, గోడలు పలచన. అంటే పైసగంలో వ్యాసాన్ని 150 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాకా తగ్గించాలి. ఇత్తడికి ఇది చిన్న దెబ్బ కాదు.

డైలు (డొల్లను నొక్కి రూపం తెచ్చే ఉక్కు అచ్చులు) కొనకముందే తుపాకి ఛాంబర్, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు, కొలవండి. ఈ రైఫిళ్ల ఛాంబర్లు ఒకదానితో ఒకటి కలవవు. నేపాల్‌లో తయారైన గహేంద్ర రైఫిళ్లు చూడటానికి మార్టినీలాగే ఉంటాయి, లోపల సంగతి వేరు. ఖైబర్ కనుమలో చేత్తో చేసిన నకళ్లను గోడకే ఉంచడం మంచిది. ఛాంబర్ అచ్చు తీయడానికి సెర్రోసేఫ్ లోహం వాడతారు. 71–88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగిపోతుంది కాబట్టి వేడినీళ్ల గిన్నెలో గిన్నె పెట్టినా చాలు. బ్యారెల్‌లో ఛాంబర్‌కు కాస్త ముందు గుడ్డ బిరడా పెట్టి పోసి, గట్టిపడగానే బయటికి నెట్టండి. ఈ లోహం మొదట ముడుచుకుని తర్వాత వ్యాకోచిస్తుంది, పోసిన గంటకు అసలు కొలతకు వస్తుంది. అప్పుడు మైక్రోమీటర్ పెట్టాలి. మర్నాడు కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆ పనిలోనే మెత్తటి సీసపు గుండును బ్యారెల్ గుండా తోసి గాడుల వ్యాసం కూడా చూసుకోండి. పేరులో .450 అని ఉన్నా గాడులు 0.460 దాటే ఉంటాయి.

సామాన్లలో ముఖ్యమైనది ప్రెస్. మామూలు 7/8 అంగుళం మర డైలలో ఇంత లావు డొల్లకు గోడ చాలదు. బుషింగ్ (లోపలి మర రింగు) ఊడదీస్తే 1¼ అంగుళం మర పట్టే పోత ఇనుము ప్రెస్ కావాలి, రాక్ చక్కర్ సుప్రీమ్, లీ క్లాసిక్ కాస్ట్ అలాంటివే. ఫార్మ్ డైలు మూడు నాలుగు మెట్లుగా సెట్లో వస్తాయి. చివరిది సైజింగ్ డై, అసలు కొలతకు తెచ్చేది. ఒక్క డైతో గెంటేద్దామనుకుంటే డొల్ల నలిగిన టిన్ను డబ్బాలా బయటికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, పదును దించడం, అంటే వేడిచేసి ఇత్తడిని మెత్తబరచడం. కంచరి బిందె సాగగొట్టేటప్పుడు మధ్యమధ్యలో కొలిమిలో పెట్టి తీస్తాడు కదా, కారణం ఇదే: నొక్కినకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది, బిరుసెక్కినది ఇంకా నొక్కితే చీలుతుంది. తూటా ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30. దాదాపు 400 డిగ్రీల దగ్గర క్షణాల్లో మెత్తబడుతుంది. కానీ డొల్ల అడుగు, అంటే క్యాప్ (మందును అంటించే ప్రైమర్) కూర్చునే తల, గట్టిగానే ఉండి తీరాలి. పేలినప్పుడు ఒత్తిడిని ఆపేది అదే. తల మెత్తబడ్డ డొల్ల నుంచి వేడి వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి తన్నొచ్చు. ఒకసారి మెత్తబడ్డ తలను ఇంట్లో మళ్లీ గట్టిపరచడానికి దారి లేదు. అలాంటిది చేతికొస్తే సుత్తితో చదును చేసి పాత సామాన్లలో పడేయండి, పక్కన పెట్టకండి.

పద్ధతి సులువే. పళ్లెంలో అంగుళం లోతు నీళ్లు పోసి డొల్లలను ఎడంగా నిలబెట్టండి, మొదట పాత క్యాప్ లేకుండా చూసుకోండి. నీళ్లలో ఉన్న భాగం 100 డిగ్రీలు దాటదు. గదిలో వెలుతురు తగ్గించి, ప్రొపేన్ టార్చి మంటను పైసగం చుట్టూ తిప్పుతూ పట్టండి. ఒకేచోట నిలపొద్దు. మెరిసే ఇత్తడి మీద ముందు గడ్డిరంగు, తర్వాత నీలి చాయ పాకుతుంది. చీకట్లో అంచు కనీకనపడని ఎరుపు తిరిగిందీ అంటే ఆపేయాల్సిందే, నిజానికి ఆ గీత అప్పుడే దాటేశారు. నారింజ రంగులో వెలిగితే జింకు ఎగిరిపోతోందని అర్థం, ఆ మెడ గుల్లబారి మొదటి కాల్పుకే పోతుంది. కంటి మీద నమ్మకం లేకపోతే 400 డిగ్రీలకు కరిగే టెంపిలాక్ (వేడిని చూపించే పూత) చుక్క మెడ లోపల పూయండి, అది కరగగానే మంట తీసేయండి. తర్వాత డొల్లను పక్కకు తోసి నీళ్లలో పడేయడం అలవాటు. నీళ్లు తగిలితే ఇత్తడి ఇనుములా గట్టిపడదు, ఆ వేడి తలకు పాకకుండా ఆగుతుంది, అంతే. పూర్తిగా ఆరనివ్వండి. లోపల చుక్క నీరున్నా డైలో సొట్ట పడుతుంది.

పొడవు ముందే కొంత తగ్గిస్తే నొక్కాల్సిన లోహం తగ్గుతుంది. లోపల బిగుతుగా కర్ర ముక్క దూర్చి, అంగుళానికి 32 పళ్ల రంపంతో 2.40 దగ్గర కోయండి. పైపు కట్టర్ వాడకండి, పలచటి గోడను లోపలికి మడతపెడుతుంది. అంచు ముళ్లను లోపలా బయటా గీకేయండి.

కందెనగా ద్రవ లానొలిన్ ఒక పాలు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 10–12 పాళ్లు కలిపి చల్లి, ఆల్కహాల్ ఎగిరిపోయేదాకా ఆగాలి. డబ్బా మైనమైతే వేళ్లతో పలచగా రుద్దండి. భుజం దగ్గర ఎక్కువైతే డైకి, ఇత్తడికి మధ్య అది ఇరుక్కుని ఎటూ పోలేక గోడను లోపలికి నెడుతుంది, నున్నటి గుంట పడుతుంది. తక్కువైతే డొల్ల డైలో అతుక్కుపోయి, రిమ్ము ఊడి చేతికొస్తుంది. రెండింట్లో గుంటే నయం, కాల్చినప్పుడు చాలావరకు అదే తేరుకుంటుంది.

మొదటి డైలోకి లివర్‌ను ఒక్క ఊపుతో దించొద్దు. పావు అంగుళం లోపలికి, కాస్త వెనక్కి, డొల్లను పావు చుట్టు తిప్పి మళ్లీ లోపలికి. తిప్పకపోతే మెడ ఒక పక్కకు వాలుతుంది. లివర్ చెప్పేది వినాలి: సాఫీగా బరువెక్కుతూ పోతే సరే, ఉన్నట్టుండి తేలికైపోతే లోపల గోడ మడతపడింది. అక్కడితో ఆపి బయటికి తీయండి. నిలువు ముడత సన్నగా ఉంటే తర్వాతి డై సరిచేస్తుంది. గోరు దిగేంత లోతుంటే అది మడత, పారేయాల్సిందే. రెండో డై తర్వాత మళ్లీ ఒకసారి పదును దించండి. ఈ మెట్టు దాటవేసినవాళ్లకే మూడో డైలో మూతి నిలువునా చీలుతుంది. చివరి మెట్లయ్యాక 2.34కి కోసి, ఆకురాయితో అంచు సమం చేయండి.

ఫలితం సరిగ్గా లేకపోతే ఊహలతో పని లేదు. పాడైన డొల్లల్లో ఒకదాన్ని నిలువుగా రెండు ముక్కలు కోసి చూడండి. భుజం లోపలి వంపు దగ్గర గోడ దళసరెక్కి ఉంగరంలా నిలిచిందా, మెడ ఒక పక్క పలచబడిందా, మడత ఎక్కడ మొదలైంది అన్నది పది డొల్లలు బయటినుంచి కొలిచినా తెలియదు.

మెడ లోపలి వ్యాసం గుండు కన్నా 1–2 థౌ తక్కువ ఉండాలి. మ్యాగ్‌టెక్ గోడ పలచన కాబట్టి గుండు పెట్టాక కూడా మెడ ఛాంబర్‌లో వదులుగా ఆడుతుంది, ప్రతి కాల్పుకూ ఎక్కువ సాగుతుంది, త్వరగా చీలుతుంది. అందుకే ఈ ఇత్తడికి లావు గుండు గానీ కాగితం చుట్టిన గుండు గానీ వాడతారు. బెర్‌ట్రామ్ డొల్లల గోడ మందం, వాటికి ఈ బాధ తక్కువ. అంటే ఒకదానికి కుదిర్చిన గుండు రెండోదానికి కుదురుతుందని లెక్కపెట్టుకోవద్దు.

ఖాళీ డొల్లను ఛాంబర్‌లో వేసి చూడండి. వేలితోనే పూర్తిగా దిగాలి, బ్లాకు (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే ఉక్కు దిమ్మ) ఎక్కడా గీరకుండా లేవాలి. ఇది రిమ్ము మీద ఆగే డొల్ల కాబట్టి రిమ్ము పలచనైతే వెనక ఖాళీ మిగిలి, కాల్చినప్పుడు డొల్ల అడుగు దగ్గర సాగుతుంది. కాల్చిన డొల్లను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ రెండు కొనలూ రిమ్మును పట్టుకుంటున్నాయో లేదో చూడండి. డొల్ల ఒళ్లు మొదట్లో కాస్త వదులుగా ఉంటుంది, మొదటి కాల్పుకు అది ఛాంబర్ రూపానికి వస్తుంది. ఆ తర్వాత మెడ వరకే సైజు చేసుకుంటే చాలు, మొత్తం డొల్లను ప్రతిసారీ డైలో పిండితే దాని ఆయుష్షు తగ్గుతుంది.

క్యాప్ దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. ఈ షెల్‌కు లార్జ్ పిస్టల్ ప్రైమర్ పడుతుంది. లార్జ్ రైఫిల్ ప్రైమర్ వ్యాసం అదే, ఎత్తు మాత్రం దాదాపు 8 థౌ ఎక్కువ. అది పైకి పొడుచుకొచ్చి, లేస్తున్న బ్లాకుకు తగులుతుంది. ప్రైమర్ ఎప్పుడూ తల మట్టానికి కాస్త లోపలే ఉండాలి.

కాల్చిన డొల్లలను ఆ సాయంత్రమే గిన్నెలు తోమే సబ్బునీళ్లలో వేయండి, నల్ల తుపాకిమందు మసి ఇత్తడిని తింటుంది. మెరుపు కోసం బ్రాసో లాంటి అమ్మోనియా పాలిష్ మాత్రం వద్దు. బ్రిటిష్ కాలంలో మన దేశంలో వానాకాలం గుర్రపు శాలల్లో దాచిన తూటాల డొల్లలు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రపు మూత్రంలోని అమ్మోనియా, లోహంలో మిగిలిన నొక్కుడు బిగువు కలిసి పగులగొడుతున్నాయని 1921లో తేల్చారు. మీరు చేసిన మెడలోనూ అలాంటి బిగువే ఉంటుంది, కాబట్టి చివరి సైజింగ్ అయ్యాక మెడకు ఒక్కసారి తేలికగా వేడి చూపించి దాచండి. తల మీద ఇంకా 24 గేజ్ అనే రాసి ఉంటుంది కదా, పెట్టె మీద మాత్రం కాలిబర్, ఏ తుపాకిది, ఎన్నోసారి కాల్చింది, చివరిసారి పదును దించింది ఎప్పుడు, ఇవన్నీ పెద్దక్షరాలతో రాసి అతికించండి.