బ్లాకా, ఛార్జా: విజిల్ ఊదే ముందు కన్ను ఎక్కడుండాలి

బెంగళూరు అపార్ట్‌మెంట్ కోర్టుల్లో మనవాళ్ళ ఆదివారం బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఏదైనా చూడండి, గొడవంతా ఒక్క విజిల్ దగ్గరే. డ్రైవ్ చేసినవాడూ (అంటే బాల్‌తో రింగు వైపు దూసుకొచ్చినవాడూ) అడ్డం నిలబడ్డ డిఫెండరూ గుద్దుకున్నారు. ఫౌల్ ఎవరిది? డిఫెండర్‌దైతే బ్లాక్, డ్రైవ్ చేసినవాడిదైతే ఛార్జ్.

ముందు కోర్టు సంగతి. చాలా సిమెంట్ కోర్టుల్లో రింగు కింద నో-ఛార్జ్ అర్ధవృత్తం గీసి ఉండదు (ఛార్జ్ ఇవ్వని ఈ చోటు సంగతి కింద చెప్తాను). రింగు నడిమధ్య నుంచి దారానికి బరువు కట్టి వదలండి. అది నేలను తాకిన చోటి నుంచి 1.25 మీటర్లు కొలిచి సుద్దతో గీయండి. ఎండ్‌లైన్ కొలతను నమ్ముకోవద్దు, పోల్ ఎక్కడ పాతారో దేవుడికే తెలియాలి.

ఇక ఆట. డ్రైవ్ మొదలవగానే బాల్‌ని వదిలేసి డిఫెండర్ కాళ్ళూ ఛాతీ చూడండి. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్ ప్రకారం వాడు ఎదురుగా తిరిగి, రెండు కాళ్ళూ నేలమీద పెట్టాడంటే చోటు వాడిదే. ఆ తర్వాత పక్కకో వెనక్కో జరగొచ్చు, నిలువుగా ఎగరొచ్చు. కాబట్టి బయటి నుంచి "కదిలాడు, బ్లాకే!" అని ఎంత అరిచినా పట్టించుకోకండి. దెబ్బ ఛాతీకి తగిలితే ఛార్జ్. ముందుకు వచ్చి గుద్దినా, భుజమో తుంటో మోకాలో చాచి తగిలించినా బ్లాక్. బాల్ చేతిలో ఉన్నవాడికి ముందుగా దూరం ఇవ్వక్కర్లేదు. బాల్ లేనివాడికి మాత్రం వేగాన్ని బట్టి మామూలు నడకలో ఒకటి రెండు అంగల జాగా వదలాలి.

ఎక్కువ తప్పులు జరిగేది లేఅప్‌లో, అంటే రింగు దగ్గరకి పరిగెత్తి ఎగిరి వేసే షాట్‌లో. షూటర్ చివరి కాలు నేల వదిలిన క్షణాన్ని మనసులో ఫొటో తీసుకోండి. అప్పటికి డిఫెండర్ కుడికాలు ఇంకా పక్కకి లాక్కుంటూ దారిలోకి వస్తుంటే, గుద్దుకునే వేళకి శిలలా నిలబడ్డా సరే, అది బ్లాకే. మనం చూసేది తగిలిన క్షణాన్ని కాబట్టే మోసపోతాం. వెల్లకిలా పడ్డాడు కదా అని ఛార్జ్ ఇవ్వకండి, పడటం రుజువు కాదు.

డిఫెండర్ ఒక్క కాలైనా అర్ధవృత్తంలో ఉంటే, బాల్‌తో గాల్లోకి లేచి షూట్ చేసేవాడి మీద, పాస్ ఇచ్చేవాడి మీద ఛార్జ్ లేదు. ఆ గాల్లోకి లేచినవాడు మోచేతితో నెట్టినా, మోకాలు ఎత్తి పొడిచినా ఈ మినహాయింపు పోతుంది.

పిడికిలి ఎత్తి ఆట ఆపండి. బ్లాక్‌కి రెండు చేతులూ నడుం మీద, ఛార్జ్‌కి పిడికిలితో అరచేతిలో కొట్టడం. బాల్ చేతిలో ఉండగా ఛార్జ్ చేస్తే, టీమ్ ఫౌల్స్ ఎన్ని దాటినా ఫ్రీ త్రోలు ఉండవు, అవతలి జట్టుకి త్రో-ఇన్ (గీత బయటి నుంచి బాల్ లోపలికి వేయడం) మాత్రమే. బాల్ వదిలాక గుద్దితే లెక్క వేరు: పడిన బాస్కెట్ చెల్లుతుంది, ఆ క్వార్టర్‌లో అది ఐదో టీమ్ ఫౌలో ఆ పైదో అయితే డిఫెండర్‌కి 2 ఫ్రీ త్రోలు.