బండి ఆగకుండా తిరగాలంటే: చెన్నై ఇళ్లలో మోడల్ రైలు లేఅవుట్

ఇంజన్ ఒకేచోట పదేపదే ఆగుతుంటే చాలామంది వెంటనే స్క్రూడ్రైవర్ తీసి దాన్ని విప్పేస్తారు. విప్పకండి. ఇంకో ఇంజన్ని అక్కడికి పోనిచ్చి చూడండి. అదీ అక్కడే ఆగితే తప్పు పట్టాలది. మొదటిది మాత్రమే, అదీ ఎక్కడపడితే అక్కడ ఆగుతుంటే తప్పు దాని చక్రాలది. తిరువాన్మియూరు, బెసంట్ నగర్ లాంటి సముద్రం పక్క ఏరియాల్లో ఈ రెంటికీ మూలం చాలాసార్లు ఉప్పుగాలే. కింద చెప్పే కొలతలన్నీ హెచ్‌ఓకి, అంటే 1:87 స్కేలుకి, 16.5 మి.మీ. గేజి పట్టాలకి.

ముందు కరెంటు సంగతి. మల్టీమీటరు ఊరికే పట్టాలకి ఆనిస్తే లోడు లేదు కాబట్టి ఎక్కడైనా 12 వోల్టులే చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. పుదుప్పేటలో బండ్ల స్పేర్ పార్ట్స్ అమ్మే షాపులో 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు కొని, రెండు వైర్లు అతికించి పట్టాలకి ఆనించండి. అది దాదాపు 1.75 ఆంపులు లాగుతుంది. మీ కంట్రోలర్ (పట్టాలకి కరెంటిచ్చి వేగం మార్చే పెట్టె) 1 ఆంపుదే అయితే 10 వాట్ల బల్బు చాలు. బల్బు వెలుగుతుండగా పక్కనే మీటరు పెట్టి, కంట్రోలర్ దగ్గర ఒకసారి, లేఅవుట్ (పట్టాలు పరిచిన బోర్డు) అవతలి కొసన ఒకసారి చూడండి. ఇక్కడ 12 ఉండి అక్కడ 10 వస్తే ఆ రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయన్నమాట. బల్బు బాగా వేడెక్కుతుంది, స్లీపర్లకి (పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ దిమ్మలకి) తగలనివ్వకండి.

పట్టాలు నికెల్ సిల్వర్‌వి. పేరులోనే సిల్వర్, లోపల ఉండేది రాగి, నికెల్, జింకు. రాగితో పోలిస్తే ఈ లోహానికి కరెంటును అడ్డుకునే గుణం పదిరెట్లకు పైనే. దానికితోడు రెండు పట్టాలని కలిపే జాయినర్లు లోపల నల్లబడి వదులవుతాయి. అందుకే జాయినర్ల మీద ఆధారపడకుండా బోర్డు కింద 1.5 చదరపు మి.మీ. హౌస్ వైరింగ్ వైరు ఎరుపొకటి, నలుపొకటి పొడుగునా లాగండి. డీసీసీ (పట్టాల ద్వారానే ఒక్కో ఇంజన్‌కీ విడిగా డిజిటల్ ఆదేశాలిచ్చే పద్ధతి) వాడుతూ దాని బూస్టర్ (పట్టాలకి కరెంటు పంపే పెట్టె) 5 ఆంపులదైతే 2.5 వేయండి. 914 మి.మీ. ఫ్లెక్స్ పట్టా (కావలసినట్టు వంచుకునే పట్టా) ప్రతి ముక్క నుంచీ దీనికి సన్నటి ఫీడర్ వైరు దిగాలి. ఫీడర్ 0.5 చదరపు మి.మీ. ఉంటే సరిపోతుంది కానీ పొడవు 25 సెం.మీ. దాటకూడదు.

ఫీడర్ అతికించడంలోనే స్లీపర్లు కరిగిపోయేది. 25 వాట్ల ఐరన్ అయితే ప్లాస్టిక్‌కి మంచిదని కొంటారు, జరిగేది తలకిందులు: పట్టా వేడెక్కడానికి ఆలస్యమై, ఈలోగా వేడి స్లీపర్లలోకి పాకుతుంది. 50-60 వాట్లది తీసుకుని రెండు మూడు సెకన్లలో పని ముగించాలి. రిచీ స్ట్రీట్‌లో 0.8 మి.మీ. 60/40 రోజిన్ కోర్ సోల్డర్ అడగండి. ప్లంబర్లు వాడే యాసిడ్ ఫ్లక్స్ వద్దు, అది తర్వాత అతుకును తినేస్తుంది. పట్టా బయటి పక్కన, మనకి కనిపించని వైపు, గోరంత చోటు ఇసుక కాగితంతో మెరిసేలా గీకండి. అక్కడ కాస్త సోల్డర్ పూయండి. వైరు కొసకీ పూయండి. చోటుకి రెండు పక్కలా లోహపు క్లిప్పులు పెట్టి, వైరు ఆనించి ఐరన్‌తో నొక్కితే రెండూ కలిసిపోతాయి. అతుకు మెరుస్తూ వైరు వెంట పరుచుకుని ఉండాలి. ఉండలా కూర్చుంటే అది పట్టలేదు, మళ్లీ చేయాల్సిందే.

డీసీసీ వాళ్లు ఇదంతా అయ్యాక 10 రూపాయల నాణెం లేఅవుట్‌లో అక్కడక్కడా రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టి చూడాలి. పెట్టిన ప్రతిచోటా బూస్టర్ టక్కున ఆగిపోవాలి. ఆగకపోతే నాణెం వెంటనే తీసేయండి. అక్కడ వైరు చాలడం లేదు. రేపు బోగీ పట్టాలు తప్పినప్పుడు కరెంటు ఆగక, ఆ వేడికి బోగీల ప్లాస్టిక్ కరుగుతుంది.

సోల్డరింగ్ బాగా కుదిరిందని అన్ని జాయినర్లకీ వేసేయకండి. 15 డిగ్రీల తేడాకి ఒక ఫ్లెక్స్ ముక్క పావు మిల్లీమీటరు సాగుతుంది; మొట్టమాడి (డాబా మీది) గదిలో మే నెల మధ్యాహ్నానికీ ఏసీ వేసిన రాత్రికీ ఆ మాత్రం తేడా మామూలే. చెక్క ఇంకా మొండిది, అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో ఉబ్బి ఏసీలో కుంచించుకుపోతుంది. మలుపుల్లో రెండేసి ముక్కలు కలిపి సోల్డర్ చేయండి, మిగతా చోట్ల ఎండవేళ పట్టాలు వేస్తుంటే విజిటింగ్ కార్డు మందం, ఏసీ గదిలో అయితే దానికి రెండింతలు ఖాళీ వదలండి. బోర్డుకి ఐఎస్ 710 మార్కున్న (తేమకి తట్టుకునే మెరైన్ రకం) 12 మి.మీ. ప్లైవుడ్ తీసుకుని, అడుగు భాగానికీ అంచులకీ కూడా వార్నిష్ కొట్టించండి. పైన ఒక్కటే కొడితే ఒకవైపే తేమ పీల్చి వంగుతుంది.

పట్టాలు తుడవడానికి ఇసుక కాగితం వాడకండి. గీతలు పడి, మురికి అందులోనే కూర్చుంటుంది. పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ బట్టకి కాస్త అద్ది తుడిచి, పొడిబట్టతో మళ్లీ తుడవండి. కిటికీలు తెరిచి, కరెంటు ఆపి, ఆరాకే బండి నడపండి. చక్రాలకి ఇంకో పద్ధతి: ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసిన టిష్యూ పట్టాల మీద అడ్డంగా పరిచి, ఇంజన్ ఒక చివరి చక్రాలు దానిమీద, రెండో చివరివి పట్టాల మీద ఉండేలా చేత్తో పట్టుకుని సగం వేగంతో తిప్పండి. టిష్యూ మీద రెండు నల్లటి చారలు పడతాయి. చారలు పలచబడేదాకా టిష్యూ జరుపుతూ, తర్వాత ఇంజన్ తిప్పిపెట్టి రెండో వైపు చేయండి. బోగీలకి ప్లాస్టిక్ చక్రాలుంటే లోహపువి వేయించండి, అవే మురికిని లేఅవుట్ అంతా పూసేది.

బ్యాలస్టుకి (పట్టాల కింద పోసే కంకరకి) మెరీనా ఇసుక మాత్రం తేవద్దు. ఉప్పుతో పాటు అందులో అయస్కాంతానికి అంటుకునే నల్ల రేణువులుంటాయి, అవి నేరుగా మోటారులోకి పోతాయి. ఎం-శాండ్ (రాయిని పిండిచేసి తీసే ఇసుక) జల్లించి ముప్పావు మి.మీ. లోపు రేణువులు తీసుకోండి. అసలు రైల్వే కంకర 65 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి స్కేలుకి సరిపోతుంది. దాన్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టిన అయస్కాంతంతో ఒకసారి దువ్వండి. పోసింది అతుక్కోవడానికి సగం నీళ్లు, సగం ఫెవికాల్, ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రావణం. పాయింట్ల (బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించే చోట్ల) కదిలే భాగాల దగ్గర రెండు సెం.మీ. దూరంలోనే ఆపేయండి.

పెరంబూరులో తయారైన ఐసీఎఫ్ బోగీ ఈ స్కేలులో 24.5 సెం.మీ. వస్తుంది, దానికి మలుపు వ్యాసార్థం కనీసం 61 సెం.మీ. ఉండాలి. స్టార్టర్ సెట్లో వచ్చే 46 సెం.మీ. మలుపులో పొడవు బోగీలు లోపలికి లాగుకుని పడిపోతాయి. బోగీ బరువు 165 గ్రాములకి తక్కువైతే లోపల నట్లు అతికించండి, నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

గేర్లకి ప్లాస్టిక్‌ని పాడుచేయని నూనె గుండుసూది మొనతో ఒక్క చుక్క. కొబ్బరి నూనె వద్దు, 24 డిగ్రీల ఏసీలో గడ్డకడుతుంది. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిన 120 వోల్టుల పవర్ ప్యాక్ నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకండి, కాలిపోతుంది. స్టెప్ డౌన్ పెట్టినా 60 హెర్ట్జ్‌కి చేసిన పాత ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్‌లో ఎక్కువ వేడెక్కుతుంది. ఆ ప్యాక్ పక్కన పెట్టి, 230 వోల్టులకి చేసిన కంట్రోలర్ కొనుక్కోండి.