వేరుశనగ డీఎన్ఏ మార్కర్లపై ఆఫ్రికా శాస్త్రవేత్తలతో ఉమ్మడి పరిశోధన: ఎక్కడ మొదలుపెట్టాలి?

అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల పరిశోధన కేంద్రాల్లోనూ వ్యవసాయ కళాశాలల్లోనూ వేరుశనగపై పనిచేసే యువ శాస్త్రవేత్తలు ఆఫ్రికాతో ఉమ్మడి పరిశోధన అనగానే ముందుగా ప్రయోగశాల గురించే ఆలోచిస్తారు. ఈ క్రమం సరికాదని నా అభిప్రాయం. ఎండబెట్టిన ఆకు ముక్కను తగిన అనుమతులతో ఏ దేశపు ప్రయోగశాలకైనా పంపి మార్కర్ (మొక్కలో కోరిన గుణం ఉందో లేదో తెలిపే డీఎన్ఏ గుర్తు) ఫలితం తెప్పించుకోవచ్చు గానీ, తెగులు సోకిన మొక్కకు తీవ్రత స్థాయి నిర్ణయించడం ఆ తెగులు ఉన్న పొలంలోనే సాధ్యం. అందువల్ల ఒప్పందంలో పొలం పనికి మొదటి స్థానం ఇవ్వాలి.

ముందుగా ఏ తెగులుపై పనిచేయాలో తేల్చుకోవాలి. పేనుబంక ద్వారా వ్యాపించే రోజెట్ తెగులు 1975లో నైజీరియాలో దాదాపు 7 లక్షల హెక్టార్ల వేరుశనగను నాశనం చేసింది. అది సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలోనే తప్ప మన దేశంలో లేదు. మరోవైపు 2000లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్లను దెబ్బతీసిన కాండం కుళ్ళు తెగులుకు కారణం వేరే వైరస్. వయ్యారిభామ పుప్పొడిలోని ఆ వైరస్‌ను తామర పురుగులు పైరుకు అంటించాయి. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా ఒక పక్షం సేవ చేస్తుంది, మరో పక్షం లాభం పొందుతుంది. తిక్క ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లు మాత్రం రెండు చోట్లా ఉన్నాయి కనుక తొలి ప్రయత్నం వాటితో మొదలుపెట్టి, పరస్పర నమ్మకం కుదిరిన తరువాత రోజెట్ వైపు వెళ్లడం మంచిది.

తుప్పును తట్టుకునే గుణానికి దాతగా జీపీబీడీ-4 అనే వేరుశనగ రకం ఉంది. ఆ గుణం అడవి జాతి వేరుశనగ నుంచి వచ్చింది. మార్కర్ల సాయంతో దానిని ఐసీజీవీ 91114, జేఎల్-24, ట్యాగ్-24 రకాల్లోకి చేర్చిన పని 2014లో ప్రచురితమైంది. ఐసీజీవీ 91114 అనంతపురం రైతులకు తెలిసిన రకమే. అయితే ఒక సంకరంలో పనిచేసిన మార్కర్ మరో సంకరంలో తల్లిదండ్రుల మధ్య తేడా చూపకపోవచ్చు. పైగా వేరుశనగ 40 క్రోమోజోములున్న చతుస్థితిక పంట, అంటే దానిలో క్రోమోజోములు నాలుగు జట్లుగా ఉంటాయి. రెండు పూర్వీకుల నుంచి వచ్చిన దాని రెండు ఉపజన్యుసముదాయాలు ఎంతగా పోలి ఉంటాయంటే, ఒకదాని కోసం చేసిన పరీక్ష రెండవదాన్ని కూడా చదివి తప్పు ఫలితం ఇవ్వగలదు. కాబట్టి భాగస్వామి దేశపు రకాలపై మార్కర్‌ను విడిగా సరిచూడకుండా ఎంపిక మొదలుపెట్టరాదు.

పోలిక కోసం ఇరువైపులా ఒకే ప్రామాణిక రకం వేయడం తప్పనిసరి. మలావీతో పనిచేసేవారికి జేఎల్-24 సిద్ధంగా ఉంది. అది అక్కడ కకోమా పేరుతో సాగవుతోంది. తెగులు తీవ్రతను 1 నుంచి 9 వరకు స్థాయిల్లో నమోదు చేసేటప్పుడు పంచాంగపు తేదీని కాక విత్తిన తరువాత గడిచిన రోజులను లెక్కించాలి. ఇరు బృందాలు ఒకే ఛాయాచిత్రాల పట్టిక వాడాలి. మలావీలో విత్తనం నవంబరు, డిసెంబరుల్లో పడుతుంది కనుక మన ఖరీఫ్ పంట నుంచి ఎంపిక చేసిన మొక్కల సంతతిని, అనుమతులు సకాలంలో అందితే, అక్కడ అదే ఏడాది పరీక్షించవచ్చు. మాలి, నైజీరియాలలో వానకాలం మన ఖరీఫ్‌తో కలిసిపోతుంది కాబట్టి ఈ వెసులుబాటు ఉండదు.

ఆకు నమూనాల సంగతి తేలికే: లేత ఆకులు, వాటిని ఎండబెట్టే సిలికా జెల్, 96 గుంటల పళ్లెం, అందులో రెండు ఖాళీ గుంటలు, ప్రామాణిక రకానికి రెండేసి నమూనాలు. పొలం పుస్తకంలోని మొక్క సంఖ్యే పళ్లెం పట్టికలోనూ ఉండాలి.

అసలు జాప్యం చట్టపరమైన పత్రాల దగ్గర జరుగుతుంది. అంతర్జాతీయ మొక్కల జన్యువనరుల ఒడంబడిక కింద ఒకే ప్రామాణిక ఒప్పందంతో మార్చుకోగల పంటల జాబితాలో జొన్న, సజ్జ, రాగి, కంది ఉన్నాయి, వేరుశనగ లేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) జన్యునిధి నుంచి తీసుకునే విత్తనం ప్రామాణిక బదిలీ ఒప్పందంతో వస్తుంది గానీ, భాగస్వామి దేశపు సొంత రకాలకు ద్వైపాక్షిక ఒప్పందం కావాలి. మన వైపు నుంచి పంపే సామగ్రి 2002 జీవవైవిధ్య చట్టం పరిధిలోకి వస్తుంది. కేంద్ర మార్గదర్శకాలకు లోబడిన ఉమ్మడి పరిశోధనకు అందులో మినహాయింపు ఉంది, ఆ దారిలోనే ప్రతిపాదన రాసుకోవాలి. కొన్ని వేరుశనగ వైరస్‌లు విత్తనం ద్వారానే వ్యాపిస్తాయి కనుక క్వారంటైన్ పరీక్షను లాంఛనంగా భావించి హడావుడి చేయడం తగదు.

ఫలితాల యాజమాన్యాన్ని మొదటి నెలలోనే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఆఫ్రికాలో ఎండలో నిలబడి తెగులు నమోదు చేసినవారి పేరు కృతజ్ఞతల వాక్యంలో ముగిసిపోయే అలవాటు ఇంకా పోలేదు. వారి కొలతలు లేనిదే మార్కర్‌కు అర్థమే లేదు కనుక వారికి రచయితల వరుసలో ముందు చోటు దక్కాలి. 2007లో ఘనా విశ్వవిద్యాలయంలో ఏర్పడిన పంటల అభివృద్ధి కేంద్రం వంటి చోట్ల పీహెచ్‌డీ చేస్తున్నవారికి ఉమ్మడి పర్యవేక్షణ కల్పిస్తే ఈ సమస్య చాలా వరకు తీరుతుంది.

కాలవ్యవధి విషయంలో జొన్న అనుభవం చూడాలి. స్ట్రైగా అనే పరాన్న కలుపును తట్టుకునే భారతీయ జొన్న ఎన్-13 సంతతిని మాలి, కెన్యా పొలాల్లో పరీక్షించి గుర్తించిన జన్యుస్థానాలు 2004లో ప్రచురితమయ్యాయి. వాటిని చేర్చిన రకాలు సూడాన్‌లో 2012లో విడుదలయ్యాయి. మూడేళ్ల ప్రాజెక్టుతో రకం విడుదల చేస్తామని ప్రతిపాదనలో రాయకండి. ఒక దేశం, ఒక తెగులు, ఒక సంకరం చాలు. సరిచూసిన మార్కర్, ఇరువైపులా కుదిరిన నమోదు పద్ధతి, అనుమతి పత్రాలు, ఈ మూడింటిని మొదటి మూడేళ్ల లక్ష్యంగా చూపండి.