రంగురంగుల గుడ్లు పెట్టే కోళ్లను హైదరాబాద్ పెరట్లో పెంచడం ఎలా?

"కోడికి ఏం పెడితే గుడ్డు నీలంగా వస్తుంది?" ఈ మాట ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న ఇదే. ఏం పెట్టినా రాదు. ఆకుకూరలు, పసుపు మొక్కజొన్న పెడితే లోపలి పచ్చసొన రంగు ముదురుతుంది కానీ, పెంకు రంగు మేతతో వచ్చేది కాదు, పుట్టుకతో వచ్చేది. ఒక పెట్ట బతికినంతకాలం ఒకే రంగు గుడ్డు పెడుతుంది. కాకపోతే ఆ రంగు ఒకప్పుడు ముదురుగా, ఒకప్పుడు లేతగా ఉంటుంది. కాబట్టి ట్రేలో నాలుగు రంగులు కనిపించాలంటే నాలుగు రకాల పెట్టలు కావాలి. అయితే హైదరాబాద్‌లో ముందు ఎండను తట్టుకునే కోళ్లను చూసుకుని, రంగు సంగతి ఆ తర్వాత చూడాలి.

ముందు ఇరుగుపొరుగు

సొంత ఇల్లయితే పక్కింటివాళ్లకు, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌కు ముందే చెప్పండి. గొడవలు సాధారణంగా వచ్చేది రెండింటి గురించి: పుంజు కూత, రెట్ట వాసన. గుడ్ల కోసమే అయితే పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు పొదగవు, అంతే. పిల్లల్ని తెస్తే వాటిలో దాదాపు సగం పుంజులే అవుతాయి కాబట్టి వాటినేం చేయాలో ముందే అనుకోండి. బోనాల నాటికి అడిగే చుట్టాలు ఎలాగూ ఉంటారు.

ఏ పెట్ట ఏ రంగు

గోధుమ రంగు గుడ్లు కావాలంటే వెతుక్కునే పని లేదు. రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ మేలు. వనరాజా ఒళ్లు బరువైన కోడి, గుడ్లు కాస్త తక్కువ. రెండింటివీ గోధుమ రంగు గుడ్లే, వాటిలోనే కొన్ని గులాబీ ఛాయ తిరుగుతాయి. మామూలు నాటుపెట్టలు మీగడ రంగు నుంచి లేత గోధుమ దాకా పెడతాయి. కడక్‌నాథ్ నల్లగుడ్డు పెడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. దాని ఒళ్లంతా నలుపే కానీ గుడ్డు మాత్రం మీగడ రంగే. తెల్లగుడ్డుకు ఫారాల్లో పెంచే లెగార్న్ జాతి ఉంది. కాకపోతే ముక్కు కత్తిరించిన ఫారం కోడి పెరట్లో సరిగా ఏరుకుని తినలేదు, అలాంటిది తెచ్చుకోకండి.

ఇక నీలం, ఆకుపచ్చ. నీలం గుడ్డు చిలీ దేశపు అరౌకానా జాతి నుంచి, దాని సంకరాల నుంచి వచ్చింది. అక్కడి కోళ్లలో ఎప్పుడో ఒక వైరస్ ముక్క జన్యువుల్లో చేరిపోవడం వల్ల ఈ రంగు వచ్చిందని 2013లో శాస్త్రవేత్తలు తేల్చారు. నీలం రంగు పెంకు తయారవుతున్నంతసేపూ అందులో కలుస్తుంది. గోధుమ రంగు మాత్రం ఎక్కువగా చివరి కొన్ని గంటల్లో పైన పూతలా పడుతుంది. నీలం పెంకు మీద గోధుమ పూత పడితే మనకు ఆకుపచ్చగా కనిపిస్తుంది. నీలం గుడ్ల కోడిని మన నాటుకోడితో కలిపితే ఆకుపచ్చ గుడ్లు రావడం ఇందువల్లే.

నీలం గుడ్ల పెట్ట అని చెప్పి ఎక్కువ ధర అడిగితే, ఆ పెట్ట గుడ్డు ఒకటి పగలగొట్టి చూడండి. పెంకు లోపలి పల్చటి పొర గోటితో మెల్లగా లాగేయండి. అసలు నీలమైతే పెంకు లోపలివైపూ నీలంగానే ఉంటుంది, ఆకుపచ్చ గుడ్డుకు కూడా లోపల నీలమే కనిపిస్తుంది. లోపల తెల్లగా ఉంటే అందులో నీలం లేనట్టే. ఇంకా గుడ్డుకు రాని పిల్లనైతే ఇలా చూడలేం. విదేశాల్లో ఇందుకు ఒక గుర్తు చెబుతారు: బఠాణీ తురాయి, అంటే మూడు వరుసల పొట్టి తురాయి ఉంటే నీలం గుడ్డు పెట్టే అవకాశం ఎక్కువని. ఆ జన్యువులు రెండూ పక్కపక్కనే ఉండటం వల్ల అక్కడ అది నిజమే. కానీ మన పందెం కోడి జాతి అసీల్‌కు కూడా ఇదే తురాయి, నీలం గుడ్డు మాత్రం ఉండదు. అసీల్ రక్తం కలిసిన ఊరి కోళ్ల మధ్య ఈ గుర్తు పనికిరాదు.

విదేశాల నుంచి పొదిగే గుడ్లు తెప్పించాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. దిగుమతికి అనుమతి కావాలి. కొచ్చిన్, బ్రహ్మ లాంటి కాళ్లకు కూడా ఈకలుండే బరువు కోళ్లు చూడటానికి బాగుంటాయి కానీ మే నెలలో వాటి అవస్థ చూడలేం. మొదటిసారికి నాలుగైదు పెట్టలు చాలు: రెండు గ్రామప్రియలు, ఒక నాటుపెట్ట, ఒక లెగార్న్, దొరికితే ఒక నీలం సంకరం.

గూడు

నాలుగైదు కోళ్లకు లోపల 16 నుంచి 20 చదరపు అడుగులు, తిరగడానికి బయట కనీసం 40 చదరపు అడుగులు చూసుకోండి. గూడు నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటే వానాకాలం తడి ఎక్కదు. రేకు కప్పు వేస్తే దాని మీద తాటాకో గడ్డో పరవక తప్పదు, లేకపోతే మధ్యాహ్నానికి గూడు పొయ్యి మీద పెనమే. టెర్రస్ మీద అయితే స్లాబుకు చలువ సున్నం వేయించి, పైన షేడ్ నెట్ కట్టండి.

నగరంలో నక్కలు లేవు కదా అని ధీమా వద్దు. పిల్లి, ముంగిస, పందికొక్కు, వీధికుక్క, పైన గద్ద, ఇన్ని ఉన్నాయి. మామూలు కోళ్ల జాలీని కుక్క చింపేస్తుంది. అరంగుళం కళ్ల వెల్డ్ మెష్, అంటే తీగలు అతికించిన గట్టి ఇనుప జాలీ, ఖరీదైనా అదే వేయండి. కింద తవ్వి లోపలికి దూరకుండా మెష్‌ను భూమిలోకి దించమంటారు. మన నగరంలో చాలాచోట్ల రెండు గడ్డపార దెబ్బలకే రాయి తగులుతుంది. అలాంటిచోట మెష్‌ను గూడు చుట్టూ అడుగున్నర వెడల్పున నేల మీద పరిచి, పైన రాళ్లు పేర్చండి. తలుపుకు గొళ్లెం ఒక్కటే సరిపోదు, దానికో కొక్కెం కూడా తగిలించండి.

రాత్రి కూర్చోవడానికి రెండంగుళాల వెడల్పు కర్ర అడ్డంగా కట్టండి, కోడికి 8 నుంచి 10 అంగుళాల చోటు కావాలి. కింద వరిపొట్టు. నాలుగైదు పెట్టలకు గుడ్లపెట్టె ఒక్కటి చాలు, అడుగు చదరం ఉండి చీకటిగా ఉండాలి. అది కర్రకంటే కిందుండాలి. పైనుంటే అందులోనే పడుకుని రెట్ట వేస్తాయి.

మేత

గుడ్డుకొచ్చిన పెట్టకు రోజుకు 110 నుంచి 120 గ్రాముల లేయర్ మేత, అంటే గుడ్ల కోళ్ల దాణా. పైన ఇంట్లో నూకలు, జొన్నలు, సజ్జలు, తోటకూర, మునగాకు కొంచెంగా పెట్టొచ్చు. నూకల మీదే ఉంచితే గుడ్లు తగ్గిపోతాయి, మాంసకృత్తులు చాలవు. పెంకు గట్టిగా ఉండాలంటే గుల్ల పొడి విడిగా ఒక గిన్నెలో పెట్టండి, కావలసినంత అవే తింటాయి. కందనకాయ పనిచేయడానికి సన్నటి గులకరాళ్లు కూడా కావాలి. మిగిలిన బిర్యానీ మాత్రం వేయకండి. ఆ ఉప్పు, నూనె వాటికి పడవు.

ఎండాకాలం

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండ 40 దాటుతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుందంటే దానికి వేడి చేసిందని అర్థం. గూడు పక్కలకు గోనెసంచులు కట్టి మధ్యాహ్నం తడపండి. నీళ్లు నీడలో మట్టిపాత్రల్లో పెట్టి, రోజులో మూడు నాలుగుసార్లు మార్చండి. మేత తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక వేయండి, మిట్టమధ్యాహ్నం వద్దు. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది. మరీ సోలిపోయిన కోడిని ఐసు నీళ్లలో ముంచకుండా, నీడలోకి తెచ్చి కాళ్లు, తురాయి మామూలు నీళ్లతో తడపండి.

ఈ నెలల్లో పెంకు పల్చబడుతుంది, రంగు కూడా వెలిసిపోతుంది. రొప్పడం వల్ల పెంకుకు కావలసిన ఖనిజం సరిగా అందదు. ఎండలు తగ్గితే మళ్లీ కుదుటపడుతుంది.

టీకాలు, జబ్బులు

పెరటికోళ్లను ఒక్కదెబ్బకు ఊడ్చేసేది కొక్కెర తెగులు, అంటే రాణీఖేత్. దానికి మందు లేదు, టీకానే దారి. పిల్లకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి, 8 వారాలకు ఆర్2బి ఇంజెక్షన్. మధ్యలో గంబోరో, బొబ్బ తెగులు టీకాలు. ఏది ఎప్పుడో దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలలో ఒక చీటీ మీద రాయించుకోండి. టీకా సీసాలో వందల డోసులు ఉంటాయి, తెరిచాక నిలవ ఉండదు. వీధిలో కోళ్లున్న నలుగురూ కలిసి ఒకేరోజు వేయిస్తే ఖర్చూ కలిసొస్తుంది. పెద్దపెట్టలనే కొంటే టీకాలు ఏవి పడ్డాయో అడగండి.

చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ నుంచి తెచ్చినా, ఊరి నుంచి తెచ్చినా, కొత్త కోడిని మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపండి. వానాకాలంలో పిల్లల రెట్టలో రక్తం కనిపిస్తే తడి పొట్టు తీసేసి, అదేరోజు డాక్టర్‌కు చూపించండి. మూడు నెలలకోసారి నట్టల మందు. ఈకల కింద పేలు పట్టకుండా ఒక మూల పొడి మట్టి, బూడిద కలిపి ఉంచితే అందులో పొర్లి అవే వదిలించుకుంటాయి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఒకేసారి కోళ్లు చచ్చిపోతుంటే వాటిని కోయకుండా, చేతులతో ముట్టకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి.

గుడ్లు మొదలయ్యాక

తొలిగుడ్డు అయిదారు నెలలకు, నాటుపెట్ట అయితే ఇంకొంచెం ఆలస్యంగా వస్తుంది. మొదటి గుడ్లే ఎక్కువ ముదురు రంగు. పెట్ట లేవగానే చెయ్యి పెట్టి తీస్తే గుడ్డు తడిగా, నిగనిగలాడుతూ ఉంటుంది. చూస్తుండగానే ఆ తడి ఆరి, రంగు కాస్త తేలిపోతుంది. ఆ ఆరిన పొరే లోపలికి క్రిములు పోకుండా కాపాడుతుంది. అందుకే గుడ్లను తెచ్చిన వెంటనే కడగకండి. మురికి ఉంటే పొడిగుడ్డతో తుడవండి, వండే ముందు మాత్రమే కడగండి.

గోధుమ గుడ్లు ఎండ లేని రోజుల్లో కూడా ఉన్నట్టుండి పాలిపోతే టెన్షన్ పడకుండా ముందు కారణం వెతకండి: రాత్రి పిల్లి తిరిగిందా, పేలు పట్టాయా, తుమ్ములు, గురక వినిపిస్తున్నాయా? శ్వాసకు సంబంధించిన జబ్బుల్లో కూడా పెంకు రంగు పోతుంది. డిసెంబర్‌లో గుడ్లు తగ్గితే మాత్రం కంగారు వద్దు. అప్పుడు హైదరాబాద్‌లో పగలు 11 గంటలకు కాస్త ఎక్కువ, పెట్టకు బాగా గుడ్లు పెట్టాలంటే 14 గంటల వెలుతురు కావాలి. తెల్లవారుజామున ఒక చిన్న బల్బు వేసే వాళ్లున్నారు. నా మటుకు ఆ రెండు నెలలు వాటికి సెలవిచ్చేయడమే బాగుంది.

రంగు మారినంత మాత్రాన బలం మారదు. నీలం గుడ్డులో ఎక్కువ పోషకాలని ఎక్కువ ధర పెడితే ఆ డబ్బు రంగుకే.

సొంత సంకరం కావాలంటే

ఆకుపచ్చ గుడ్ల పెట్ట పుంజుతో కలిసి పెట్టిన గుడ్లను, పొదుగుకు వచ్చిన నాటుపెట్ట కింద సాయంత్రం చీకటి పడ్డాక పెట్టండి. 21 రోజులకు పిల్లలు. తల్లికి జతలో నీలం జన్యువు ఒక్కటే ఉండి, పుంజుకు అసలు లేకపోతే ఆడపిల్లల్లో సుమారు సగానికే ఆ రంగు వస్తుంది. మగపిల్లల్లో కూడా సగం దాన్ని మోస్తాయి కానీ, వాటి కూతుళ్లు గుడ్లు పెట్టేదాకా ఏది మోస్తోందో కంటితో చూసి చెప్పలేం.