పైపు బెండర్ కట్టే ముందు ఇవి చూసుకోండి

సెలవుల్లో ఇంటి షెడ్డులో హెవీ డ్యూటీ పైపు బెండర్ (జాకీతో నొక్కి పైపులు వంచే యంత్రం) చేద్దామనుకునేవాళ్లు కటింగ్ మొదలుపెట్టకముందే చదవండి.

- పిన్నులు, అంటే పైపు ఆనే రోలర్లను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే కడ్డీలు. 20 టన్నుల జాకీ పెట్టి పిన్నులకు మాత్రం మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మెత్తని ఉక్కు) రాడ్ ముక్క వేస్తే అది తెగి తూటాలా ఎగరొచ్చు. 10.9 గ్రేడ్ (బాగా గట్టి ఉక్కు) బోల్టులు వాడండి, మర ఉన్న భాగం ప్లేటు అంచు మీదికి రాకుండా. నాది ఓసారి వంగింది, అదృష్టం కొద్దీ తెగలేదు.

- డై (పైపు కూర్చునే గాడి ఉన్న అచ్చు) చేయించే ముందు పైపును వెర్నియర్‌తో కొలవండి. అంగుళం జీఐ పైపు బయటి కొలత 25 కాదు, సుమారు 33.7 మి.మీ. గాడి వదులైతే పైపు నొక్కుకుపోతుంది, లేత్ ఖర్చు మళ్లీ మొదటికే.

- బాటిల్ జాకీ నిలువుగా ఉండేలా ఫ్రేమ్ గీయండి. పడుకోబెడితే చాలావాటిలో గాలి చేరి ఎత్తవు.

- పైపు నొక్కుకుపోకుండా లోపల ఇసుక నింపి, చివర్లు బిరడాలతో మూసి వేడి చేస్తారా? పూర్తిగా ఆరిన ఇసుకే. తడి ఆవిరైతే బిరడా పేలుతుంది.