పాత చైన్ రంపాలను ఎంచుకోవడం, బాగుచేసి నడిపించడం

సుబాబుల్, జామాయిల్ తోటలున్న ప్రకాశం జిల్లాలోనూ, సరుగుడు తోటలున్న నెల్లూరు సముద్రతీరంలోనూ చెట్లు కోయించే మేస్త్రీల ఇళ్లలో, కర్ర అడితుల్లో, పాత ఇనుము కొట్లలో మూలపడిన పెట్రోలు చైన్ రంపాలు అప్పుడప్పుడు కంటబడుతుంటాయి. కొత్త మిషను రాగానే పాతది చూరు కిందికి చేరుతుంది, కొన్నాళ్లకు తూకానికి పోతుంది. ఆ మధ్యకాలంలో దాన్ని పట్టుకోగలిగితే ఓపిక ఉన్నవారికి అది మంచి సేకరణ వస్తువు. అయితే మూలన పడి ఉన్న ఏళ్లలో కన్నా, కొన్న సాయంత్రం ఆత్రంగా పెట్రోలు పోసి తాడు లాగినప్పుడే ఇలాంటి మిషన్లు ఎక్కువగా పాడవుతాయి కాబట్టి, స్టార్ట్ చేయడాన్ని ఈ పనిలో దాదాపు చివరికి ఉంచుకోవాలి.

ఏది సేకరించదగినదో తెలియాలంటే కొంత చరిత్ర తెలిసి ఉండాలి. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో తయారుచేసిన విద్యుత్ రంపాన్ని ఇద్దరు మనుషులు మోయవలసి వచ్చేది. ఆయన స్థాపించిన స్టీల్ సంస్థ 1959లో తెచ్చిన కాంట్రా అనే రంపంలో గేర్లు తీసేసి, క్రాంకు నుంచి నేరుగా చైన్‌ను తిప్పారు. స్వీడన్‌లో హస్క్‌వర్నా తన మొదటి చైన్ రంపాన్ని తెచ్చింది కూడా ఆ ఏడాదే. నేటి చైన్ పన్ను ఆకారానికి మూలం అమెరికాలో జో కాక్స్ రూపొందించిన చైన్. కలపను తొలిచే ఒక పురుగు దవడలను గమనించి ఆయన దాన్ని తయారుచేసి 1947లో అమ్మకానికి పెట్టారు. నా మటుకు చైన్ బ్రేకు (రంపం ఎగిరిపడినప్పుడు చైన్‌ను ఆపే ఏర్పాటు) రాకముందు నాటి, పూర్తి లోహపు ఒళ్లున్న మిషన్లకే మొగ్గు చూపుతాను. స్టీల్ సంస్థ చేసిన 106 సీసీల 070 మోడల్ వంటివి ఈ తరగతికి చెందుతాయి. 070కి నకళ్లు కూడా వచ్చాయి గనుక, పోతలో ఉబ్బెత్తుగా ఉండే అక్షరాలను, నంబరు ప్లేటును చూడకుండా డబ్బు ఇవ్వకూడదు.

కొనేచోట చేయవలసిన పరీక్షకు ఒక ప్లగ్గు పాన, స్క్రూ డ్రైవరు, చిన్న టార్చి చాలు. ముందుగా ప్లగ్గు తీసి తాడును మెల్లగా లాగాలి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకుండా అక్కడితో ఆపాలి. తరువాత సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ పక్క గోడను చూడాలి. గోడ నున్నగా, సన్నటి అడ్డగీతలతో కనిపిస్తే సంతోషించవచ్చు. నిలువుగా లోతైన గీతలు ఉంటే అది ఎప్పుడో ఆయిలు చాలక, లేదా గాలి ఎక్కువై పట్టేసిందని అర్థం. కంప్రెషన్ గేజ్ (సిలిండరులోని ఒత్తిడి కొలిచే మీటరు) ఉంటే 120 పీఎస్ఐకి (ఒత్తిడి కొలమానం) పైన చూపే మిషనుకు ఆశ ఉంది, 90కి దిగువన ఉంటే రింగులో, బోరో మార్చక తప్పదు. ఒక మాట: ఇంజను పాడైన మిషను కన్నా ముక్కలు పోయిన మిషనే ఎక్కువ తంటా పెడుతుంది. రింగులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, స్టార్టర్ మూతా ట్యాంకు బిరడా మాత్రం దొరకవు.

సముద్రం దగ్గరి ఊళ్ల నుంచి వచ్చిన మిషన్లలో క్రాంకు కేసును ప్రత్యేకంగా గీరి చూడాలి. ఆ కేసు చాలావాటిలో మెగ్నీషియం మిశ్రమంతో పోసినది. ఉప్పుగాలికి అది సున్నంలాంటి తెల్లని పొడిగా రాలుతుంది. పైపైన ఉంటే ఫరవాలేదు, ఆయిలు ట్యాంకు అడుగునో, బోల్టు రంధ్రాల చుట్టూనో గుంటలు పడితే వదిలేయడం మంచిది. ఈ లోహాన్ని గ్రైండరుతో అరగదీయకూడదు. దాని పొడికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది, నీళ్లు పోస్తే మంట ఇంకా రేగుతుంది. పక్కన పొడి ఇసుక ఉంచుకోవాలి.

విప్పేటప్పుడు ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసి, ఒక్కో భాగపు మరలను ఒక్కో డబ్బాలో వేసుకోవాలి. సిలిండరు రెక్కల మధ్య రంపపు పొట్టూ ఆయిలూ కలిసి గట్టిగా పేరుకుపోయి ఉంటాయి; వాటిని కిరోసిన్‌తో నానబెట్టి వెదురు పుల్లతో గీకాలి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని, ఆమ్లం మెగ్నీషియాన్ని తినేస్తాయి కాబట్టి రెండూ వద్దు.

క్లచ్ దగ్గరే కొత్తవారు ఎక్కువగా తడబడతారు. చాలా రంపాల్లో క్లచ్‌కు ఎడమ మర ఉంటుంది గనుక దాన్ని గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే వదులవుతుంది. తిప్పుతుంటే క్రాంకు కూడా తిరగకుండా, పిస్టన్‌ను ఎగ్జాస్ట్ రంధ్రం మూసుకునేంత పైకి తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి స్టార్టరు తాడు ముక్కను లోపలికి కూరి, కొసను బయట ఉంచాలి. పిస్టన్ ఆ మెత్తటి ఉండను నొక్కి ఆగుతుంది, దేనికీ గీత పడదు. ఇనుప మొల దూర్చి ఆపే పద్ధతి కొన్ని షెడ్లలో కనిపిస్తుంది గానీ, దానితో పిస్టన్ తలకు చిల్లు పడవచ్చు.

ఇక అసలు విషయం ఆయిల్ సీళ్లు. క్రాంకుకు రెండు వైపులా ఉండే ఈ రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి ఎండి బిరుసెక్కితే వాటి సందుల్లోంచి గాలి లోపలికి చొరబడుతుంది, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది, దానితో కలిసి రావలసిన ఆయిలూ తగ్గి పిస్టన్ కాలిపోతుంది. బయటికి మాత్రం మిషను జోరుగా నడుస్తున్నట్టే ఉంటుంది. అందుకే ఎగ్జాస్ట్‌నూ కార్బొరేటర్ వైపు దారినీ రబ్బరు షీటుతో బిగించి మూసి, ప్లగ్గు రంధ్రం ద్వారా గేజ్ ఉన్న చిన్న పంపుతో 7 పీఎస్ఐ దాకా గాలి ఎక్కించి, సీళ్ల దగ్గరా ప్యాకింగుల దగ్గరా సబ్బునీళ్లు పూయాలి. బుడగ వచ్చినచోటే లీకు ఉంది. సీలుపై లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అచ్చువేసి ఉంటాయి. ఆ కొలతలు చెప్పి, పెట్రోలుకు తట్టుకునే రకం కావాలని అడిగితే బేరింగుల దుకాణాల్లో సరిపడేది దొరికే అవకాశం ఉంది. కంపెనీ పేరుతో వెతకడం కన్నా ఇదే దగ్గరి దారి.

పాయింట్లు (స్పార్కు కోసం విడిపడుతూ కలుస్తుండే లోహపు ముక్కలు) ఉన్న మిషనులో స్పార్కు రాకపోతే కాయిల్‌ను అనుమానించే ముందు పాయింట్లను తుడవాలి. వాడకుండా ఉంచినప్పుడు వాటి మొహాలపై సన్నటి పొర కడుతుంది. నున్నటి ఎమరీ కాగితంతో ఒక్కసారి రుద్ది, శుభ్రమైన అట్టముక్కను మధ్యలో లాగి, ఫీలర్ గేజ్‌తో సందును 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య పెట్టాలి. ప్లగ్గు సందు 0.5 చాలు.

కార్బొరేటర్‌లో డయాఫ్రం (పలచటి సాగే పొర), ప్యాకింగులు, పెట్రోలు పైపు ఎలాగూ మార్చాలి. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దొరుకుతోంది. అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తీరప్రాంతపు తేమను పీల్చుకుంటుంది. కాబట్టి నడిపిన ప్రతిసారీ ట్యాంకు వంపేసి, కార్బొరేటర్ ఎండేదాకా ఇంజనును తిరగనివ్వాలి. ఆ కాలపు ఇంజన్లకు మంచి టూ స్ట్రోక్ ఆయిలు 25కు 1 పాళ్లలో, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు కలపడం సాధారణం. తయారీదారు పుస్తకం దొరికితే అందులో చెప్పిందే పాటించాలి.

ఇప్పుడు స్టార్ట్ చేయవచ్చు. బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ), చైన్ బిగించి, ఆయిలు పోసి, మిషనును నేలపై కదలకుండా అదిమిపెట్టి తాడు లాగాలి. చేతిలో వేలాడదీసి లాగకూడదు. కార్బొరేటర్‌లో మిశ్రమాన్ని సరిచేసే మరలు రెండింటినీ సుతారంగా చివరిదాకా బిగించి, ఒక్కో చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టాలి. బరువు లేకుండా పూర్తి వేగంలో ఇంజను కొంచెం గరగరలాడితే మిశ్రమం చిక్కగా ఉన్నట్టు, అది క్షేమం. సన్నగా, నున్నగా కీచుమంటే వెంటనే ఆపాలి.

చైన్ మార్చాలంటే వరుసగా మూడు రివెట్ల దూరాన్ని కొలిచి రెండుతో భాగిస్తే పిచ్ (చైన్ సైజు కొలత) తెలుస్తుంది; సుమారు 10.26 మిల్లీమీటర్లు వస్తే అది 0.404 అంగుళాల చైన్, దానికి 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. రంగు సంగతి: మళ్లీ పెయింటు వేయించి మెరిపించడం నాకు నచ్చదు, అసలు రంగు సగం ఊడినా అలాగే ఉండనివ్వాలి.

వీటికి చైన్ బ్రేకు లేదన్నది మరువకూడదు. బార్ కొన కర్రకు తగిలితే రంపం ఎగిరి మొహం మీదికి వస్తుంది, ఆపడానికి ఏమీ ఉండదు. పండుగ పూట నాలుగు దుంగలు కోసి చూపించడానికే వాడాలి గానీ తోట కోతకు కాదు. అప్పుడు కూడా కళ్లద్దాలు, చెవి మూతలు, గట్టి బూట్లు ఉండాలి.

నల్లమల, వెలిగొండల వైపు వెళ్లేటప్పుడు రంపాన్ని బండిలో పెట్టుకు తిరగవద్దు. ఎర్రచందనం దొంగరవాణా ఉన్న ప్రాంతంలో అనుమానం రావడం సహజం, 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరానికి వాడిన పనిముట్లనూ వాహనాలనూ పట్టుకునే అధికారం అటవీ అధికారులకు ఉంది. కొన్న రోజునే అమ్మినవారి సంతకంతో, మిషను నంబరు వేసిన రసీదు రాయించుకుని, దాని ఫొటో ఫోన్‌లో ఉంచుకోవాలి.