చేసిన పనే సీవీలో రాయండి

ఒడిశాలోని రాయగడలో డీటీపీ షాపు నడుపుతున్నాను. ఐటీఐ, డిప్లమా చదివిన మన పిల్లలు ఎవరిదో పాత సీవీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, "పేరు, ఫోన్ నంబరు మార్చి ప్రింటు తీసేయండక్కా" అంటారు. నేను తియ్యను. కూర్చోబెట్టి, ఇన్నాళ్లూ ఏం పని చేశావో చెప్పమంటాను.

"మిల్లులో మెయింటెనెన్స్" అని ఒక్క ముక్క రాసుకొచ్చిన ఫిట్టర్‌ని కదిపితే ఎన్ని బయటికొస్తాయో! పంపులకు గ్లాండ్ ప్యాకింగ్ మార్చడం, బేరింగులు ఎక్కించడం, డయల్ గేజ్‌తో కప్లింగ్ అలైన్‌మెంట్ చూడటం, షట్‌డౌన్‌లో నైట్ షిఫ్టులు. ఇవన్నీ సీవీలోకి రావాలి. పనికి ఒక లైను చొప్పున, ఏ మెషీను మీద చేశారో, ఏ పరికరం వాడారో రాయండి. పైన ఉండే "పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం కోరుతున్నాను" అనే వాక్యం తీసేసి, మీ ట్రేడు, అనుభవం రెండు లైన్లలో చెప్పండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. జేకేపూర్ పేపర్ మిల్లులోనైనా, తెరుబలి ఫెర్రోక్రోమ్ ప్లాంటులోనైనా, టికిరి దగ్గరి అల్యూమినా రిఫైనరీలోనైనా మనవాళ్లు చాలామంది కాంట్రాక్టరు కింద పనిచేస్తారు. సీవీలో మాత్రం నేరుగా కంపెనీ ఉద్యోగిలా రాసుకుంటారు. దయచేసి అలా చెయ్యకండి. పీఎఫ్ కట్టింది కాంట్రాక్టరైతే మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు) సర్వీస్ హిస్టరీలో ఆయన సంస్థ పేరే ఉంటుంది, చేరిన తేదీ, మానేసిన తేదీతో సహా. వెరిఫికేషన్‌లో తేడా వస్తే చేతికొచ్చిన ఉద్యోగం పోవచ్చు. ముందు కాంట్రాక్టరు సంస్థ పేరు, పక్కనే ఏ ప్లాంటులో పని చేశారో రాయండి. తేదీలు ఆ సర్వీస్ హిస్టరీ చూసి వెయ్యండి. కాంట్రాక్టు పనిలో చిన్నతనం ఏమీ లేదు, బేరింగు మార్చిన చేతులు మీవే కదా.

చదువు దగ్గర మన ఒడిశా వాళ్లకు ఒక చిక్కుంది. ఇక్కడ టెన్త్ సర్టిఫికెట్ మీద హెచ్‌ఎస్‌సీ అని ఉంటుంది, మహారాష్ట్రలో హెచ్‌ఎస్‌సీ అంటే 12వ తరగతి. పుణెకి పంపినా, విశాఖకి పంపినా "10వ తరగతి, ఒడిశా బోర్డు" అని విప్పి రాయండి. ఇంటిపేరు సర్టిఫికెట్‌లో చివర ఉంటే సీవీలోనూ చివరే ఉండాలి. ఆధార్‌లో వేరేలా ఉంటే ముందు అది సరిచేయించుకోండి.

భాషల్ని ఒక్క లైనులో కుక్కేస్తారు, నాకది బాధగా ఉంటుంది. ఒడియా చదివి రాయగలిగి, ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో కువి మాట్లాడే అమ్మాయి ఆసుపత్రి రిసెప్షన్‌కో మైక్రోఫైనాన్స్ ఆఫీసుకో ఎంత అవసరం! ఏ భాష మాట్లాడగలరో, ఏది చదవగలరో, ఏది రాయగలరో విడివిడిగా చెప్పండి. తెలుగు రాయడం రాకపోతే మాట్లాడతాను అని మాత్రమే పెట్టండి.

మతం, తండ్రి వృత్తి, ఆధార్ నంబరు అక్కర్లేదు. రంగుల టెంప్లేట్లూ వద్దు. పెద్ద కంపెనీల్లో సీవీని ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, రెండు కాలమ్‌లుగా ఉంటే దానికి అక్షరాలు కలగాపులగం కావచ్చు. ఫ్రెషర్లకు ఒక్క పేజీ చాలు.

ఫైలును మీ పేరు, ట్రేడుతో పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. పంపే ముందు దాన్ని తెరిచి, అందులో ఉన్న నంబరుకే ఇంకో ఫోన్‌ నుంచి రింగ్ ఇచ్చి చూసుకోండి.